పొయ్యిగట్టు మీద ఎనిమిది బిళ్ళలు

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి డార్గ్ ఇంటి ముందు సైకిల్ దిగేసరికి ఇన్‌స్పెక్టర్ ఏమస్ ఎయిరీ నాలుక మొద్దుబారి ఉంది. నల్లతాడు కాల్చేవాళ్ళకి అది మామూలే. వేలెడు లావున పేనిన పొగాకు, తారు రంగు, ముట్టుకుంటే చేతికి నూనె. అలవాటు లేనివాడు నాలుగు దమ్ములు లాగితే గోడ పట్టుకుని నిలబడాలి. ఎయిరీ ఈమధ్య రోజుకి ఆరు పైపులు లాగుతున్నాడు.

భార్య తిర్జా పోయి ఆరు వారాలైంది. ఆ ఆరు వారాల్లో నాలుకతో పాటు మిగతావీ మొద్దుబారాయి. ఏడుపు రాలేదు. ఆకలి వేయలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళ మాటలు ఏదో గోడ అవతల నుంచి వినిపించేవి. రోజూ సాయంత్రం మామగారు సైలస్ మౌన్సీ వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడకుండా ఒక పైపు కాల్చేవాళ్ళు. లేచేముందు ముసలాయన చాకు తీసి, మర్నాటి పొద్దుటి పైపుకి సరిపడా తాడు కోసి, పొయ్యిగట్టు మీద ఆరబెట్టి వెళ్ళేవాడు. పచ్చిగా కోసిన తాడు అంటుకోదు. ఆరాలి. పొద్దున లేచి అది కూరి వెలిగించుకోవడం ఒక్కటే ఎయిరీకి మిగిలిన పని.

అందుకే బుధవారం ఐజాక్ డార్గ్ హత్య జరిగితే పైవాళ్ళు ఎయిరీని లేపలేదు. "వాడికి తల తిరుగుతోంది, పడుకోనీండి" అని లండన్ నుంచి ప్రెవిట్ అనే చీఫ్ ఇన్‌స్పెక్టర్ని రప్పించారు. ఆయన గురువారం దిగాడు, శుక్రవారానికి హంతకురాలిని పట్టేశాడు.

"లోపలున్నాడు సార్," అన్నాడు గుమ్మంలో కాన్‌స్టేబుల్ బెల్, గొంతు తగ్గించి. ఎయిరీ ఇంటికి కబురు పంపింది అతనే. "పన్నెండింటికి కారు వస్తుందట. హానాని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోతాడట. అక్కడ మొదలుపెడితే ఉరికంబం దాకా ఇంక ఎవరూ ఆపలేరు సార్."

"ఆవిడ చంపిందా?"

"హానా కోడిని కొయ్యాలంటే మా ఆవిణ్ణి పిలుస్తుంది."

ఎయిరీ తలాడించాడు. జాలి వేయాలని తెలుసు. వేయలేదు.

ప్రెవిట్ వంటింటి మధ్యలో నిలబడి ఉన్నాడు. సన్నగా, శుభ్రంగా, పెట్టెలోంచి అప్పుడే తీసిన మనిషిలా ఉన్నాడు. చేతిలో సిగరెట్టు. బల్ల దగ్గర హానా డార్గ్. ముప్పై అయిదేళ్ళుంటాయి. మొగుడు యుద్ధంలో పోతే, మామగారికి వండిపెడుతూ ఇక్కడే ఉండిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సెలవులో ఉన్నారనుకున్నాను," అన్నాడు ప్రెవిట్.

"ఉన్నాను."

"మరి?"

"ఊరికే చూసిపోదామని."

"చూడండి. చూడ్డానికి డబ్బులడగం." ప్రెవిట్ వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయాడు. "మీకోసం మళ్ళీ చెప్తున్నాను. బుధవారం. ఒంటిగంటా పావుకి ఈమె చర్చిలో కుట్టుపనికి బయల్దేరింది. ఒకటిన్నరకి అక్కడ ఉంది. ఇరవైమంది ఆడవాళ్ళు సాక్ష్యం. ఒంటిగంటా నలభైకి పోస్టుమాన్ ముసలాయన చేతికి ఉత్తరం ఇచ్చాడు. అంటే బతికే ఉన్నాడు. నాలుగున్నరకి ఈమె తిరిగొచ్చింది. అయిదింటికి బెల్ ఇంటి తలుపు కొట్టింది. డాక్టరు రెండుకీ అయిదుకీ మధ్య అంటాడు. బెల్ అయిదుంబావుకి వచ్చి చూస్తే పైపు ఇంకా వెచ్చగా ఉంది. వెచ్చగా! అంటే నాలుగున్నరకి కూడా ముసలాయన పొగ తాగుతూనే ఉన్నాడు. ఈమె వచ్చింది, మాటా మాటా అనుకున్నారు, పొయ్యి కెలికే ఊచ తీసి వెనక నుంచి ఒక్కటి వేసింది. 'ఏదో ఒకరోజు ఆ ఊచతోనే నెత్తి పగలగొడతాను' అని కొట్లో పదిమంది ముందు అన్నది కూడా ఈమే."

"అన్నాను," అంది హానా. "నన్ను వెళ్ళగొట్టి ఇల్లు అమ్మేస్తానన్నాడు. ఒళ్ళు మండి అన్నాను. ఈ ఊళ్ళో మామగారిని అనని కోడలు ఎవరో చెప్పమనండి."

ఎయిరీ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "మీరు వచ్చేసరికి ఏం చూశారో వరసగా చెప్పండమ్మా. చిన్నదని వదిలెయ్యకండి."

"కుర్చీలో ఉన్నాడు. తల ముందుకి వాలి ఉంది. నిద్రపోయాడనుకున్నాను. గట్టు మీద పైపు ఆనించి ఉంది. ఎదురుగా రెండో కుర్చీ..."

"ఇదిగో, మళ్ళీ రెండో కుర్చీ!" అన్నాడు ప్రెవిట్. "బెల్ వచ్చేసరికి పొయ్యి దగ్గర ఒకటే కుర్చీ ఉంది. రెండోది బల్ల కింద, దాని చోట్లో అది."

"నేనే పెట్టాను." హానా మొహం ఎర్రబడింది. "పొద్దున ఆయనే అన్నాడు, ఇంకో కుర్చీ పొయ్యి దగ్గర వెయ్యి, ఎవరో వస్తారని. ఎవరో చెప్పలేదు, నేనడగలేదు. వచ్చి చూసి... నెత్తురు చూసి అరిచాను కూడా. అరుస్తూనే ఆ కుర్చీ తీసుకెళ్ళి బల్ల కింద పెట్టాను సార్. ఎందుకు పెట్టానో నాకే తెలీదు. పద్నాలుగేళ్ళుగా అతిథి వెళ్ళగానే కుర్చీ దాని చోట్లో పెడతాను. చెయ్యి పెట్టేసింది."

ప్రెవిట్ నవ్వాడు. "చెయ్యి పెట్టేసిందట. రేపు జడ్జిగారితో, చెయ్యి కొట్టేసింది అంటుంది."

ఎయిరీ నవ్వలేదు. ఆ మాట అతనికి పూర్తిగా అర్థమైంది. మొన్న ఆదివారం అతను తనకొకటి, తిర్జాకొకటి, రెండు కప్పుల్లో టీ పోశాడు.

"బయల్దేరేముందు పొయ్యిగట్టు మీద ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు. ఒంటిగంటకి దానికి నల్లరంగు పూసి తుడిచి మరీ వెళ్ళాను."

ఎయిరీ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. చూడవలసిన చోటు అదొక్కటే. పొయ్యికి పక్కన మూరెడు వెడల్పు నల్లటి ఇనప గట్టు. దాని మీద ఎండిన నెత్తుటి చుక్కలు నాలుగైదు. వాటి మధ్య, ఏటవాలుగా, కోలగా, నూనె మరకలు. ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి ఎక్కి, ఇంటి కప్పు పలకల్లా ఉన్నాయి. లెక్కపెట్టాడు. ఎనిమిది.

మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇక్కడున్న పొగాకు ఏమైంది బెల్?"

"నేనే తీసి డబ్బాలో పెట్టాను సార్. అయిదుంబావుకి, రాగానే. మూత బిగించి, కాగితం అంటించి సంతకం పెట్టాను. నిన్నంతా దొరగారు దానివంక చూడనైనా లేదు."

"పొగాకు వంక ఎందుకు చూడాలి?" అన్నాడు ప్రెవిట్.

బెల్ డబ్బా తెచ్చాడు. ఎయిరీ కాగితం చింపి మూత తీశాడు. ఎనిమిది నల్లటి బిళ్ళలు. కాగితమంత పల్చన. వేలితో ఒకదాని అంచు నొక్కితే పుటుక్కున విరిగింది.

"ఇది ఆరడానికి ఎంతసేపు పడుతుంది బెల్?"

"ఈ గట్టు మీదా? గంటకి తోలులా ఉంటుంది సార్. రెండు గంటలకి అట్టలా. ఇట్లా బిస్కట్టులా విరగాలంటే మూడు గంటలు. మూత పెట్టాక ఇంక ఆరదు."

"అయిదుంబావుకి మూత పెట్టావు. అంటే కోసింది రెండుంబావుకి. అటూ ఇటూ పది నిమిషాలు." ఎయిరీ ప్రెవిట్ వైపు తిరిగాడు. "హానా అప్పుడు చర్చిలో ఉంది."

"రెండుంబావుకి ముసలాయన పొగాకు కోసుకున్నాడు. సరే. నాలుగున్నరకి చచ్చాడు. అయితే ఏమిటట?"

ఎయిరీ ఒక బిళ్ళ తిరగేసి చూపించాడు. పైన శుభ్రంగా ఉంది. అడుగున గోధుమరంగు మరక, ఎండి అంటుకుపోయి ఉంది. ఇంకో బిళ్ళ తిప్పాడు. దానికీ అంతే. గట్టు మీద రెండు నెత్తుటి చుక్కల్లో సగం సగం ఊడిపోయి ఉన్నాయి.

"నెత్తురు ముందు పడింది. బిళ్ళలు తరవాత పెట్టారు," అన్నాడు. "రెండుంబావుకి ఈ పొగాకు కోసేసరికే డార్గ్ చచ్చిపోయి ఉన్నాడు. పైపు వెచ్చగా ఉండటానికి కారణం గట్టు. గట్టు మీద గరిటె పెట్టినా వెచ్చగానే ఉంటుంది."

ప్రెవిట్ సిగరెట్టు మాటే మరిచిపోయాడు. బూడిద రాలి బూటు మీద పడింది. "అంటే... చంపినవాడు, చంపి, తాపీగా కూర్చుని, చచ్చినవాడి కోసం పొగాకు కోసి పెట్టాడంటావు?"

"ఆయన కోసమని అనుకుని ఉండడు. పొయ్యి దగ్గర కూర్చుని పైపు కాల్చినవాడు లేచేముందు ఇంటాయన తరవాతి పైపుకి కోసి పెట్టి లేవాలి. ఈ లోయలో పొగతాగేవాడు ఎవడైనా అంతే. కొయ్యకుండా లేస్తే, నీ ఇంటికి ఇంక రాను అని చెప్పినట్టు. నలభై ఏళ్ళు చేస్తే చెయ్యి దానంతట అది చేస్తుంది. ఆవిడ కుర్చీ పెట్టినట్టు."

"బ్రహ్మాండం." ప్రెవిట్ తేరుకున్నాడు. తేరుకోవడానికి ఆయనకి ఎంతోసేపు పట్టదు. "ఈ కాన్‌స్టేబులు ఆ బిళ్ళల్ని చేత్తో ఊడ్చాడు. నెత్తురు అప్పుడు అంటుకుని ఉండొచ్చు. నీ గడియారమేమో పొగాకు. నీ సాక్షి మర్యాద. కోర్టులో నిన్ను చూసి నవ్వుతారయ్యా. పెళ్ళాం పోయి మతి చెడిందంటారు."

బెల్ ఒకడుగు ముందుకి వేశాడు. ఎయిరీ చెయ్యి అడ్డం పెట్టాడు. అతనికి కోపం రాలేదు. రావలసిన చోట ఖాళీ ఉంది.

"మరి ఏం కావాలి మీకు?"

"మనిషి కావాలి. ఆ మర్యాదస్తుడు ఎవడో పట్టుకొచ్చి పన్నెండింటికల్లా నా ముందు నిలబెట్టు, టోపీ తీసి నమస్కారం పెడతాను. లేదా ఈమె కారెక్కుతుంది. ఆ డబ్బా నువ్వే ఉంచుకో. నాకు సాక్ష్యంగా పనికిరాదు. పైపులో వేసుకుని కాల్చుకో."

బయటికి వస్తుంటే బెల్ వెనకాలే వచ్చాడు. "సార్, ఆ కోత చూశారా? ఏటవాలుగా, అంత పల్చగా. మన చాకులతో ఎవరికి వస్తుంది? పాతకాలం పొగాకు మిల్లులో తాడు పేనినవాళ్ళ చెయ్యి అది. ఇప్పుడు మిగిలిందెవరు? డార్గ్ ఒకడు. వాడికి ఎడంచేతి వేళ్ళు రెండు మిల్లు చక్రంలో పోయాయి, ముద్దలు ముద్దలుగా కోస్తాడు. ఇంకొకాయన..."

బెల్ ఆగిపోయాడు. ఆ ఇంకొకాయన ఎవరో లోయలో అందరికీ తెలుసు. బెల్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"నువ్వు ఇక్కడే ఉండు," అన్నాడు ఎయిరీ. "కారు ముందే వస్తే నా ఇంటికి వచ్చి చెప్పు."

సైకిల్ దగ్గరికి హానా పరిగెత్తుకొచ్చింది. ప్రెవిట్ వంటింటి కిటికీలోంచి చూస్తున్నాడు. "ఒక్కమాట ఇన్‌స్పెక్టర్ గారూ. మీ తిర్జా పోయినప్పుడు నేను మా అక్క దగ్గర ఉన్నాను. తరవాత మీకు మొహం చూపించలేకపోయాను. నేను ఇంట్లో ఉంటే మంచు పడేటప్పుడు కిటికీలో దీపం పెట్టేదాన్ని. ఆవిడకి ఇల్లు కనిపించేది."

"మీ తప్పేం లేదమ్మా," అన్నాడు. ఆ మాట ఆరు వారాల్లో ఎంతమందితో అన్నాడో లెక్క లేదు.

దిగువకి సైకిల్ దానంతట అదే పోతోంది. ఫిబ్రవరిలో తిర్జా కనుమ దాటి వస్తూ మంచులో చిక్కుకుంది. డార్గ్ గేటుకి రెండొందల గజాలు ఇవతల, రాతిగోడ కింద దొరికింది. మంచుకి ఇల్లు కనపడక దాటిపోయిందన్నారు. కుడిచేతి కణుపులు దోక్కుపోయి ఉన్నాయి. గోడకి కొట్టుకుని ఉంటుందన్నారు. ఎయిరీ కూడా సరే అన్నాడు. వేరే ఎవరి శవం మీద ఆ గీతలు కనిపించినా వంద ప్రశ్నలు వేసి ఉండేవాడు. తన భార్య విషయంలో ఒక్కటీ వెయ్యలేదు. ఆ సంగతి ఇప్పుడే తట్టింది. ఎందుకు తట్టిందో అతనికి తెలియలేదు.

పదకొండుకి ఇల్లు చేరాడు. తలుపు తీసే ఉంది. సాయంత్రం రావలసిన సైలస్ మౌన్సీ అప్పుడే వచ్చి పొయ్యి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి. మోకాలి మీద కొత్త నల్లతాడు చుట్ట, పక్కన చాకు. పైపు వెలిగించలేదు.

"పొద్దున్నే పోయావట అల్లుడూ," అన్నాడు.

"డార్గ్ ఇంటికి మామయ్యా."

"తెలుసు."

ఎయిరీ కోటు విప్పలేదు. డబ్బా తీసి, తన పొయ్యిగట్టు దగ్గర వంగాడు. అక్కడా మరకలున్నాయి. ఆరు వారాలుగా రోజూ ఒకే చోట ఆరబెట్టిన మరకలు. ఒక్కొక్క బిళ్ళా తీసి వాటిమీద పెట్టుకుంటూ వచ్చాడు. విరిగినదాన్ని కూడా అతికి పెట్టాడు. ఏటవాలు ఏటవాలుతో కలిసింది. అంచు అంచు మీదికి ఎక్కింది. ఎనిమిదో బిళ్ళ పెట్టాక ఒక్క మరకా మిగల్లేదు.

ముసలాయన వంగి వాటిని ఒక్కొక్కటే చూశాడు. "కోశానా?" అన్నాడు చివరికి. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "ఒట్టు అల్లుడూ, కోసినట్టే గుర్తు లేదు. ఊచ పడేసింది గుర్తుంది. ఇంటికి నడిచొచ్చింది గుర్తుంది."

"ఎందుకు మామయ్యా? యాభై ఏళ్ళ స్నేహం."

"వాడే రమ్మన్నాడు. ఆరు వారాలుగా నిద్ర పట్టట్లేదు, నీతో చెప్పుకోవాలి అన్నాడు. పైపు వెలిగించి మొదలుపెట్టాడు." సైలస్ గొంతు పైకీ లేవలేదు, కిందికీ దిగలేదు. "అమ్మాయి పోయిన ఆ రోజు సాయంత్రం నాలుగింటికి వాడింటి తలుపు ఎవరో కొట్టారట. మంచు పడుతోంది. వాడు అప్పుడే నల్లతాడు వెలిగించాడట. ఎవడో దేశదిమ్మరి అయుంటాడులే, అనుకున్నాడట. నీకు తెలుసుగా, ఇది మధ్యలో ఆర్పి మళ్ళీ వెలిగిస్తే నోట్లో పెట్టుకోలేం, తారు తిన్నట్టే. అందుకని లేవలేదట. మళ్ళీ కొట్టారట. చాలాసేపు కొట్టారట. పైపు అయ్యాక లేచి చూస్తే ఎవరూ లేరట."

ఎయిరీ వినిపించుకున్నాడు. మాటలన్నీ అర్థమయ్యాయి.

"'మర్నాడు మీ పిల్ల దొరికిందన్నారు కదా, కొట్టింది ఎవరో అప్పుడు తెలిసింది నాకు' అన్నాడు. నా ఎదురుగా కూర్చుని, పొగ వదులుతూ చెప్పాడు అల్లుడూ! నా కూతురు చేతులు నెత్తుళ్ళయ్యేలా తలుపు కొడుతుంటే, వీడికి పైపు చేదవుతుందట." ఆయన తాడు చుట్టని పక్కకి నెట్టాడు. చాకు కింద పడింది. "చెప్పి, మంట సరిచెయ్యడానికి ముందుకి వంగాడు. ఊచ నా పక్కనే ఉంది."

గడియారం పదకొండుంబావు కొట్టింది.

"హానాని తీసుకుపోతున్నారు మామయ్యా. పన్నెండింటికి."

"ఆ పిల్లనా!" ఆయనకి ఆ మాట కొత్త. మొహం పాలిపోయింది. "ఆ పిల్లనెందుకు?" తరవాత ఆ సంగతి ఆయనకే అర్థమైంది. గట్టు మీది బిళ్ళల వంక చూశాడు, అల్లుడి వంక చూశాడు. "నాకు నువ్వు తప్ప ఎవరున్నారురా. నీకూ నేను తప్ప ఎవరూ లేరు. నువ్వు ఎలా చెప్తే అలా."

ఎయిరీ కూర్చున్నాడు. జేబులోంచి పైపు తీశాడు. చెయ్యి గట్టు మీదికి వెళ్ళింది. రోజూ పొద్దున వెళ్ళినట్టే వెళ్ళింది. ఎనిమిది బిళ్ళలూ అరచేతిలో నలిపాడు. బాగా ఆరి ఉన్నాయి, పొడి పొడిగా అయ్యాయి. పైపులో కూరాడు. ఒక్క గంట కాలిస్తే బూడిద. ప్రెవిట్ స్వయంగా కాల్చుకోమన్నాడు. బెల్ నోరు విప్పడు. సాయంత్రం ఈ ముసలాయన మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంటాడు.

ఆలోచించడం లేదని అతనికే తెలుస్తోంది. అగ్గిపుల్ల గీశాడు.

తలుపు ఎవరో కొట్టారు.

ఇద్దరూ కదల్లేదు. పుల్ల వెలుగుతోంది, పైపుకి బెత్తెడు దూరంలో.

మళ్ళీ కొట్టారు. ఈసారి గట్టిగా, ఆగకుండా. చెక్క మీద కణుపులు. ఎయిరీకి ఆ చప్పుడు చెవిలో కాదు, పక్కటెముకల్లో తగిలింది. మంచులో నిలబడి తిర్జా ఎన్నిసార్లు కొట్టిందో, లోపల వెలుతురు కనిపిస్తూనే ఉందేమో, మనిషి ఉన్నాడని తెలిసి కూడా వెనక్కి తిరిగిందేమో. పుల్ల కాలి కాలి వేలు చురుక్కుమంది. నొప్పి పుట్టింది. కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, ఆగలేదు.

"సార్!" బయట బెల్ గొంతు. "కారు ముందే వచ్చేసింది సార్! హానాని ఎక్కిస్తున్నారు! సార్, ఉన్నారా?"

సైలస్ మౌన్సీ కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. మేకుకి ఉన్న తన కోటు అందుకున్నాడు. "వెళ్ళు అల్లుడూ," అన్నాడు. "తలుపు తియ్యి."

ఎయిరీ వెలిగించని పైపుని గట్టు మీద పెట్టి, లేచి తలుపు తీశాడు.